లా విద్యార్థుల తరచు సందేహాలు: కొత్త క్రిమినల్ చట్టాలు, నడుస్తున్న వివాదాలు

సెమిస్టర్ మొదలైన నెలకల్లా అవే సందేహాలు మళ్లీ వస్తాయి. మూడేళ్ల కోర్సు వాళ్లవీ, ఐదేళ్ల కోర్సు వాళ్లవీ దాదాపు ఒకటే. ఎక్కువమంది అడిగినవి, అడిగిన మాటల్లోనే, ఇక్కడ ఒకచోట పెట్టాను. కోర్సులో ఎక్కడున్నారో చూసుకుని మీకు కావలసిన దగ్గర మొదలుపెట్టండి. ఇక్కడ రాసింది 2025 చివరినాటి పరిస్థితి.

## మొదటి ఏడాది: ఏ చట్టం చదవాలి

ఐపీసీ రద్దయిపోయింది కదా, సీనియర్లు ఇచ్చిన పాత పుస్తకాలు ఇక పనికిరావా?

పనికొస్తాయి, దాచుకోండి. భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది. అంతకు ముందు జరిగిన నేరాలన్నిటికీ ఐపీసీయే వర్తిస్తుంది. నేరం జరిగిన రోజున ఉన్న చట్టం ప్రకారమే శిక్ష పడాలని రాజ్యాంగం 20(1) అధికరణ చెబుతోంది. బీఎన్‌ఎస్ 358వ సెక్షన్ కూడా పాత కేసులను కాపాడింది. మీరు నల్లకోటు వేసుకుని కోర్టుకు వెళ్లేనాటికి కూడా ఐపీసీ కేసులు నడుస్తూనే ఉంటాయి.

ఇంకో సంగతి. నూట అరవై ఏళ్ల తీర్పులన్నీ ఐపీసీ మీదే ఉన్నాయి. నేరపూరిత ప్రాణహరణానికీ (కల్పబుల్ హోమిసైడ్) హత్యకూ తేడా చెప్పే ఐపీసీ 299, 300 సెక్షన్లు బీఎన్‌ఎస్‌లో 100, 101 అయ్యాయి. నిర్వచనాల మాటలు దాదాపు మారలేదు కాబట్టి ఆ తీర్పులు ఇప్పటికీ దారి చూపిస్తాయి.

నేరం 2024 జూన్‌లో జరిగింది, ఎఫ్‌ఐఆర్ ఆగస్టులో కట్టారు. ఏ చట్టం రాయాలి?

నేరానికి ఐపీసీ, దర్యాప్తుకు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్). ఏది నేరం, ఎంత శిక్ష అన్నది నేరం జరిగిన తేదీని బట్టి తేలుతుంది. పోలీసులు, కోర్టు ఎలా నడుచుకోవాలన్నది ఆ పని మొదలైన రోజును బట్టి ఉంటుంది. జూలై 1 నాటికే దర్యాప్తో విచారణో నడుస్తుంటే బీఎన్‌ఎస్‌ఎస్ 531 ప్రకారం పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ)తోనే కొనసాగుతుంది. పాత కేసులో జూలై 1 తర్వాత వేసిన బెయిల్ పిటిషన్లు, అప్పీళ్ల విషయంలో మాత్రం హైకోర్టులు అన్నీ ఒకే మాట చెప్పలేదు. పరీక్షలో ఆ ముక్క కూడా రాస్తే మీరు చదివారని తెలుస్తుంది.

సెక్షన్ల నంబర్లన్నీ మారిపోయాయి. మొత్తం బట్టీ పట్టాలా సార్?

అక్కర్లేదు. రోజూ చెవిన పడేవి ఓ పదిహేను ఉంటాయి, అవి నోటికి వస్తే చాలు. హత్య 302 నుంచి 103కి, హత్యాయత్నం 307 నుంచి 109కి, మోసం 420 నుంచి 318(4)కి, వరకట్న మరణం 304బీ నుంచి 80కి, భర్త, అత్తింటివారి క్రూరత్వం 498ఏ నుంచి 85కి, నిర్లక్ష్యం వల్ల మరణం 304ఏ నుంచి 106కి మారాయి. ప్రక్రియలో ఎఫ్‌ఐఆర్ 154 నుంచి 173కి, సాక్షుల వాంగ్మూలం 161 నుంచి 180కి, మనోవర్తి 125 నుంచి 144కి వెళ్లాయి.

482 దగ్గర మాత్రం అందరూ తడబడతారు. సీఆర్‌పీసీలో 482 అంటే కేసు కొట్టేయమని హైకోర్టును అడిగే క్వాష్ పిటిషన్. బీఎన్‌ఎస్‌ఎస్‌లో 482 అంటే ముందస్తు బెయిల్. క్వాష్ ఇప్పుడు 528. నాకు తెలిసిన జూనియర్ ఒకరు క్లయింటుకు ఫోన్‌లో "482 వేశాం" అన్నారు. పాత గుమాస్తా అయిన ఆ క్లయింటు కేసే పోతుందనుకుని ఇంట్లో స్వీట్లు పంచాడు. నిజానికి వేసింది ముందస్తు బెయిల్ మాత్రమే. నంబరు చెప్పేటప్పుడు చట్టం పేరు కూడా కలిపి చెప్పడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి.

పేర్లు మార్చారంతే, కొత్తదేమీ లేదని కొందరు అంటున్నారు. నిజమేనా?

సగం నిజం. సెక్షన్లలో ఎక్కువ భాగం పాతవే. కొత్తవాటిలో కొన్ని బరువైనవి ఉన్నాయి. చిన్న నేరాలకు సమాజ సేవను శిక్షగా పెట్టారు (సెక్షన్ 4). కులం, భాష, వ్యక్తిగత విశ్వాసం లాంటి కారణాలతో ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి చంపితే 103(2) వర్తిస్తుంది. వ్యవస్థీకృత నేరం (111), ఉగ్రవాద చర్య (113) మామూలు శిక్షాస్మృతిలోకి వచ్చాయి. నెరవేర్చే ఉద్దేశం లేకుండా పెళ్లి చేసుకుంటానని నమ్మించి లైంగిక సంబంధం పెట్టుకోవడం 69 కింద విడి నేరమైంది.

ప్రమాదం చేసి, పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ల వరకు శిక్ష వేసే 106(2) పుస్తకంలో ఉంది కానీ దాన్ని అమల్లోకి తేలేదు. 2024 జనవరి మొదట్లో లారీ, ట్యాంకర్ డ్రైవర్ల ఆందోళనతో హైదరాబాద్‌లో పెట్రోల్ బంకుల ముందు బారులు తీరిన రోజులు గుర్తుండే ఉంటాయి. ఆ ఆందోళన ఈ ఉపసెక్షన్ మీదే.

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ చర్చ జరగాల్సింది పోలీసు కస్టడీ గురించి. పాత సీఆర్‌పీసీ 167 కింద రిమాండ్ మొదలైన మొదటి 15 రోజుల్లోపే పోలీసు కస్టడీ ఇవ్వాలి. ఆ తర్వాత జైలే. 1992 నాటి అనుపమ్ కులకర్ణి తీర్పు అదే చెప్పింది. బీఎన్‌ఎస్‌ఎస్ 187లోనూ మొత్తం 15 రోజులే. కానీ నేరాన్ని బట్టి మొదటి 40 లేదా 60 రోజుల్లో విడతలు విడతలుగా తీసుకోవచ్చు. "మళ్లీ కస్టడీకి కావాలి" అనే మాటతో బెయిల్‌కు అడ్డుపడతారని విమర్శ. దీనికి జవాబు బెయిల్ గురించి చెప్పే 480వ సెక్షన్‌లోనే ఉంది. మొదటి 15 రోజుల తర్వాత పోలీసు కస్టడీ అవసరం కావచ్చన్నది ఒక్కటే బెయిల్ నిరాకరించడానికి సరిపోయే కారణం కాదని అక్కడ రాశారు. చాలామంది 187 చదివి ఆగిపోతారు. రెండూ పక్కపక్కన పెట్టి చదవండి.

## మధ్య సెమిస్టర్లు: తేలని వాదాలు

రాజద్రోహం సెక్షన్ పోయిందా, ఉందా?

ఆ పేరు పోయింది. ఐపీసీలో రాజద్రోహం సెక్షన్ అయిన 124ఏ మీద కొత్త కేసులు పెట్టవద్దని సుప్రీంకోర్టు 2022 మే 11న చెప్పింది. బీఎన్‌ఎస్‌లో ఆ మాట లేదు. దాని స్థానంలో 152 వచ్చింది. దేశ సార్వభౌమత్వాన్ని, ఐక్యతను, సమగ్రతను ప్రమాదంలో పడేసే మాటలు, రాతలు, ఎలక్ట్రానిక్ సందేశాలు దీని కిందకు వస్తాయి. శిక్ష యావజ్జీవం లేదా ఏడేళ్ల వరకు జైలు. ప్రభుత్వం మీద ద్వేషం కలిగించడం అనే పాత మాట పోయింది కాబట్టి పరిధి తగ్గిందని ఒక వాదం. "వేర్పాటు భావాలను ప్రోత్సహించడం" లాంటి మాటలకు గట్లు లేవని రెండో వాదం. 1962 నాటి కేదార్‌నాథ్ సింగ్ తీర్పు హింసకు ప్రేరేపించడం అనే గీత గీసింది. ఆ గీత 152కూ వర్తిస్తుందా అన్నదే అసలు ప్రశ్న.

1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రికలో వచ్చిన వ్యాసానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాజద్రోహం నేరం కింద జైలుపాలయ్యారు. వ్యాసం రాసేటప్పుడు అది కూడా చేర్చండి. మన నేల మీద ఈ చట్టం ఎలా పనిచేసిందో దాంతో తెలుస్తుంది.

ఎస్సీ వర్గీకరణ తీర్పు ఏం చెప్పింది? మా క్లాసులో దీని మీద చర్చ పెడితే గొడవైపోతోంది.

గొడవ కావడం సహజం. మన రెండు రాష్ట్రాల్లో ఇది పాఠ్యాంశం కంటే ముందు బతుకు సమస్య. అందుకే క్రమం తెలుసుకుని మాట్లాడాలి.

ఎస్సీ కోటాను లోపలి కులాల వారీగా పంచాలంటూ 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా ఉద్యమం పుట్టింది. జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ నివేదిక ఆధారంగా 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 15 శాతం రిజర్వేషన్‌ను ఏ, బీ, సీ, డీ గ్రూపులుగా 1, 7, 6, 1 చొప్పున పంచింది. 2000లో చట్టం చేసింది. 2004లో ఈ.వి.చిన్నయ్య కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. 341 అధికరణ కింద రాష్ట్రపతి ప్రకటించిన జాబితా అంతా ఒకే వర్గమని, రాష్ట్రం దాన్ని ముక్కలు చేయకూడదని చెప్పింది.

2024 ఆగస్టు 1న పంజాబ్ వర్సెస్ దవీందర్ సింగ్ కేసులో ఏడుగురి ధర్మాసనం 6:1 మెజారిటీతో చిన్నయ్య తీర్పును తోసిపుచ్చింది. షెడ్యూల్డ్ కులాలన్నీ ఒకే స్థితిలో లేవని, వెనుకబాటును చూపే గణాంకాలు ఉంటే రాష్ట్రం లోపలి విభజన చేయవచ్చని తేల్చింది. మొత్తం కోటాను ఒకే ఉపవర్గానికి కట్టబెట్టి మిగతావాళ్లను బయటకు నెట్టకూడదనీ చెప్పింది. దీని తర్వాత తెలంగాణలో జస్టిస్ షమీమ్ అక్తర్ కమిషన్ నివేదికతో చేసిన చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. అక్కడ మూడు గ్రూపులకు 1, 9, 5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో రాజీవ్ రంజన్ మిశ్రా కమిషన్ తర్వాత మూడు గ్రూపులకు 1, 6.5, 7.5 శాతంగా నిర్ణయించారు.

తీర్పు ఒకటే కాదు, అందులో ఆరు వేర్వేరు అభిప్రాయాలున్నాయి. నలుగురు జడ్జీలు ఎస్సీల్లోనూ క్రీమీలేయర్ (బాగా ముందుకెళ్లినవాళ్లను కోటా నుంచి తప్పించడం) ఉండాలన్నారు. ఆ ప్రశ్న నేరుగా ధర్మాసనం ముందు లేదు కాబట్టి అది కట్టుబడాల్సిన తీర్పు భాగమా, ప్రాసంగిక వ్యాఖ్యా అన్న వాదం ఉంది. జస్టిస్ బేలా త్రివేది ఒక్కరే విభేదించారు. తీర్పుతో ఏకీభవించేవాళ్లు ఆ విభేదాన్ని తప్పకుండా చదవాలి, వ్యతిరేకించేవాళ్లు మెజారిటీ అభిప్రాయాలను చదవాలి. క్లాసులో చర్చకు ముందు ఒక పని చేసి చూడండి. మాల విద్యార్థిని మాదిగల వాదన చెప్పమనండి, మాదిగ విద్యార్థిని మాలల వాదన చెప్పమనండి. రెల్లి, బుడగ జంగం లాంటి చిన్న కులాల మాట ఎవరి నోటా రాకపోతే, ఆ వాదన ఇంకా పూర్తి కానట్టే.

రిజర్వేషన్లు 50 శాతం దాటకూడదని రాజ్యాంగంలో ఎక్కడుంది?

ఎక్కడా లేదు. అది 1992లో ఇంద్రా సాహ్నీ తీర్పు పెట్టిన హద్దు. స్థానిక సంస్థలకు 2010లో కె.కృష్ణమూర్తి, 2021లో వికాస్ గవాలీ తీర్పులు అదే హద్దును కట్టాయి. గవాలీ కేసులో మూడు షరతులు పెట్టారు: ప్రత్యేక కమిషన్ వేయాలి, స్థానిక సంస్థల వారీగా లెక్కలు తీయాలి, మొత్తం 50 శాతం దాటకూడదు.

తెలంగాణ ప్రభుత్వం 2025 సెప్టెంబరులో స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం ఇస్తూ జీవో 9 తెచ్చింది. ఎస్సీ, ఎస్టీలతో కలిపితే 67 శాతం అవుతుంది. అక్టోబరు 9న హైకోర్టు స్టే ఇచ్చింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. మరోవైపు 2022లో ఆర్థికంగా వెనుకబడినవారి (ఈడబ్ల్యూఎస్) పది శాతాన్ని 3:2తో సమర్థించినప్పుడు 50 శాతం గీత అంత గట్టిది కాదని మెజారిటీ అంది. ఒకచోట సడలిన గీత ఇంకోచోట ఎందుకు సడలదన్న బీసీ సంఘాల ప్రశ్నకు సూటి జవాబు ఇంకా రాలేదని నాకనిపిస్తుంది. తమిళనాడు 69 శాతం ఉదాహరణ రాసేవాళ్లు అది కోర్టు సవాలు నుంచి చట్టాలను కాపాడటానికి పెట్టిన తొమ్మిదో షెడ్యూల్‌లో ఉందనీ, 2007 కోయెల్హో తీర్పు తర్వాత ఆ షెడ్యూల్‌ కూడా న్యాయ సమీక్షకు లోబడిందనీ కలిపి రాయండి.

గవర్నర్ బిల్లును ఎన్నాళ్లు ఆపొచ్చు?

గడువు లేదు, అలాగని ఆపుకుంటూ కూర్చోవడానికీ వీల్లేదు. 200 అధికరణ మొదటి ప్రొవైజో (షరతు)లో "వీలైనంత త్వరగా" అనే మాట ఉంది. తెలంగాణ ప్రభుత్వం వేసిన కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ మాటకు రాజ్యాంగపరమైన బరువుందని గుర్తుచేసింది. 2025 ఏప్రిల్ 8న తమిళనాడు కేసులో ఇద్దరు జడ్జీలు నిర్దిష్ట గడువులు పెట్టి, ఆగిపోయిన బిల్లులకు ఆమోదం లభించినట్టే భావించాలన్నారు. దాని మీద రాష్ట్రపతి 143 అధికరణ కింద సుప్రీంకోర్టుకు 14 ప్రశ్నలు పంపారు. నవంబరు 20న ఐదుగురి ధర్మాసనం గడువులు పెట్టడం, ఆమోదం వచ్చేసినట్టు భావించడం కుదరదంది. అయితే బిల్లును సభకు తిప్పి పంపకుండా ఊరికే అట్టిపెట్టుకునే అధికారం గవర్నర్‌కు లేదని, కారణం లేకుండా సుదీర్ఘంగా కదలకపోతే పరిమితంగా జోక్యం చేసుకోవచ్చని చెప్పింది.

భార్య మీద బలాత్కారం నేరం కాదా? ఇంకా?

భార్యకు 18 ఏళ్లు నిండితే బీఎన్‌ఎస్ 63లోని రెండో మినహాయింపు వల్ల అది అత్యాచారం కాదు. 2013లో జస్టిస్ వర్మ కమిటీ ఈ మినహాయింపు తీసేయమంది. 2017లో ఇండిపెండెంట్ థాట్ తీర్పు వయసును 15 నుంచి 18కి పెంచింది. 2022లో ఢిల్లీ హైకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో తీర్పు ఇచ్చారు. విషయం సుప్రీంకోర్టు ముందుంది. మినహాయింపును కోర్టు కొట్టేస్తే కొత్త నేరాన్ని కోర్టే సృష్టించినట్టవుతుందని ఒక అభ్యంతరం ఉంది. దాన్ని తేలిగ్గా తీసుకోకండి, జవాబు వెతకండి. నా మటుకు నాకు, పెళ్లితో సమ్మతి ఒకసారి ఇచ్చేస్తే ఇక అడగనక్కర్లేదనే భావన 14, 21 అధికరణల ముందు నిలవదు.

డేటా రక్షణ చట్టం వచ్చాక ఆర్టీఐ దెబ్బతిందంటున్నారు, ఎలా?

2017 పుట్టస్వామి తీర్పులో తొమ్మిది మంది జడ్జీలు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి. ఈ చట్టంలోని 44(3) సెక్షన్ ఆర్టీఐ 8(1)(జె)ని మార్చింది. ఇదివరకు వ్యక్తిగత సమాచారమైనా ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఆ క్లాజులోనే ఉండేది. ఇప్పుడు అక్కడ "వ్యక్తిగత సమాచారం" అన్న మాట ఒక్కటే మిగిలింది. ఉపాధి హామీ మస్టర్‌లో ఎవరి పేర్లున్నాయో అడిగే గ్రామస్తుడికి ఈ తేడా తెలుస్తుంది. 8(2)లోని ప్రజాప్రయోజనం నిబంధన మాత్రం అలాగే ఉంది.

## ఆఖరి ఏడాది: కోర్టు గడప దగ్గర

అరెస్టు కారణాలు చెబితే చాలా, రాసివ్వాలా?

రాసివ్వాలి, అదీ అరెస్టయిన మనిషికి అర్థమయ్యే భాషలో. 22(1) అధికరణ, బీఎన్‌ఎస్‌ఎస్ 47 కారణాలు తెలపాలంటాయి. 2023 పంకజ్ బన్సల్, 2024 ప్రబీర్ పుర్కాయస్థ తీర్పులు మనీ లాండరింగ్, యూఏపీఏ (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కేసుల్లో రాతపూర్వకంగా ఉండాలన్నాయి. 2025 నవంబరు 6న మిహిర్ రాజేశ్ షా తీర్పు దాన్ని ఇక మీదట అన్ని నేరాలకూ విస్తరించింది. అప్పటికప్పుడు రాసివ్వడం కుదరని పరిస్థితి ఉంటే నోటితో చెప్పాలి. కానీ రిమాండ్‌కు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందు కాగితం చేతికి అందాలి.

జూనియర్‌గా ఉన్నప్పుడు ఒక రాత్రి మేజిస్ట్రేట్ ఇంటి వరండాలో రిమాండ్‌కు వచ్చిన తాపీ మేస్త్రిని చూశాను. చేతికి ఇంకా సిమెంటు ఎండి ఉంది. మూడు పేజీల ఇంగ్లిష్ కాగితం ముందు పెట్టి, వేలితో చోటు చూపిస్తే తెలుగులో సంతకం చేశాడు. "ఇందులో ఏముంది సార్?" అని నన్నే అడిగాడు. ఈ తీర్పు చదివినప్పుడు నాకు ఆ మనిషే గుర్తొచ్చాడు. ఇంటర్న్‌షిప్‌లో రిమాండ్ కాగితాలు మీ చేతికి వస్తే ముందు భాష చూడండి, తర్వాత సమయం చూడండి.

వాట్సాప్ స్క్రీన్‌షాట్ సాక్ష్యంగా చెల్లుతుందా?

ఒట్టి ప్రింటవుట్ చెల్లదు. భారతీయ సాక్ష్య అధినియం 63(4) కింద సర్టిఫికెట్ కావాలి. పాత సాక్ష్య చట్టం 65బీకి దీనికీ తేడా ఉంది. ఇప్పుడు సర్టిఫికెట్‌లో రెండు భాగాలు: ఒకటి పరికరం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు, రెండోది నిపుణుడు నింపాలి. హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ వేలిముద్ర లాంటి సంఖ్య) రాయాలి. 2020 అర్జున్ పండిత్‌రావ్ తీర్పు ప్రకారం ఫోన్ యజమానే బోనెక్కి అసలు ఫోన్‌నే చూపిస్తే సర్టిఫికెట్ అక్కర్లేదు. స్క్రీన్‌షాట్ తీశాక చాట్ చెరిపేయవద్దని క్లయింటుకు మొదటి రోజే చెప్పాలి.

మూట్ మెమోరియల్‌కు (నమూనా కోర్టు పోటీలో ఇచ్చే రాతపూర్వక వాదన) ఏఐ ఇచ్చిన కేసులు వాడొచ్చా?

తీర్పు తెరిచి, ఆ పేరా మీ కళ్లతో చదవకుండా ఒక్కటి కూడా వాడకండి. లేని కేసులను ఉన్నట్టు చెప్పడం ఈ యంత్రాలకు మామూలే. సుప్రీంకోర్టు తీర్పులు ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగా దొరుకుతాయి, న్యూట్రల్ సైటేషన్‌తో (కోర్టే తీర్పుకు ఇచ్చే నంబరు) వెతికితే నిమిషం పట్టదు.

డిగ్రీ అవగానే జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయొచ్చా?

2025 మే 20 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం కనీసం మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలి. తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచి లెక్క మొదలవుతుంది, జడ్జీల దగ్గర లా క్లర్క్‌గా చేసిన కాలం కూడా కలుస్తుంది. అప్పటికే నోటిఫికేషన్ వచ్చిన నియామకాలకు ఇది వర్తించదు. ఊరి నుంచి వచ్చి జూనియర్‌గా జీతం లేకుండా మూడేళ్లు గడపడం, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఎంత కష్టమో ఆలోచించాల్సిందే. దరఖాస్తు చేసేటప్పుడు ఆ నోటిఫికేషన్‌లోని అర్హత గడి చదువుకోండి.

ఎన్‌రోల్‌మెంట్‌కు వేలకు వేలు కట్టాలా?

అక్కర్లేదు. అడ్వకేట్స్ చట్టం 24(1)(ఎఫ్) ప్రకారం జనరల్‌కు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు, వర్తిస్తే స్టాంప్ డ్యూటీ. ఇతర పేర్లతో అంతకు మించి వసూలు చేయరాదని 2024 జూలై 30న గౌరవ్ కుమార్ తీర్పు చెప్పింది. ఏ పేరుతో ఎంత అడిగినా రసీదు తీసుకోండి.

తెలుగు మీడియంలో చదివాను. కోర్టులో నెగ్గుకురాగలనా?

కింది కోర్టుల్లో సాక్షి మాట్లాడేది తెలుగే. క్రాస్ ఎగ్జామినేషన్‌లో "దుక్కి", "గెట్టు", "సాదా బైనామా" లాంటి మాటలకు అర్థం తెలిసిన లాయరుకు మంచి పట్టు దొరుకుతుంది. కింది కోర్టు భాషను రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించవచ్చని సీపీసీ 137, బీఎన్‌ఎస్‌ఎస్ 307 చెబుతాయి. హైకోర్టులో 348 అధికరణ వల్ల ఇంగ్లిష్ తప్పదు. అయినా 2023లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక భూవివాదంలో తెలుగులో తీర్పు రాసి చూపించింది. ఇంగ్లిష్ కోసం రోజుకు ఒక తీర్పులో పది పేరాలు గట్టిగా చదవండి, వాటి సారాన్ని తెలుగులో నాలుగు వాక్యాల్లో రాయండి, మర్నాడు ఆ నాలుగింటినీ పుస్తకం చూడకుండా ఇంగ్లిష్‌లోకి మార్చండి. నా దగ్గరికి వచ్చిన తెలుగు మీడియం పిల్లలతో ఇదే చేయిస్తున్నాను. ఒక సెమిస్టర్ తిరిగేసరికి వాళ్ల డ్రాఫ్టులో నేను దిద్దాల్సిన తప్పులు సగానికి తగ్గుతున్నాయి.